రికవరీని ఎక్కడ ఆపాలి? బ్యాకప్ నుంచి డేటాబేస్‌ను నిలబెట్టేటప్పుడు ఆగే చోటును తేల్చుకునే పద్ధతి

బ్యాకప్ నుంచి డేటాబేస్‌ను తిరిగి తేవడం అనగానే అందరి దృష్టీ ఫైళ్ళ కాపీ మీద, దానికి పట్టే సమయం మీద పడుతుంది. ఆ పని చాలావరకు యంత్రం చేసుకుపోతుంది. మనిషి కూర్చుని తేల్చాల్సింది వేరే ఉంది: పాత బ్యాకప్ మీద లాగ్‌లను, అంటే డేటాబేస్‌లో జరిగిన మార్పుల చిట్టాలను, ఒక్కొక్కటిగా వర్తింపజేస్తూ వస్తున్న సర్వరును ఏ చోట ఆపాలి? ముందుగా ఆపితే సక్రమంగా జరిగిన పని కొంత పోతుంది. కొంచెం దాటితే, ఏ పొరపాటును తప్పించడానికి ఇంత శ్రమ పడ్డామో ఆ పొరపాటే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

ఆపే చోటును చాలామంది గడియారంలో ఒక సమయంగా ఊహించుకుంటారు. నిజానికి అది రెండు కమిట్‌ల మధ్య ఉన్న సందు. ట్రాన్సాక్షన్ అంటే ఒకే మూటగా జరిగే మార్పులు, కమిట్ అంటే వాటిని ఖాయం చేసే ఘట్టం. చెడు చేసిన ట్రాన్సాక్షన్ కమిట్ ఎక్కడుందో, దానికి సరిగ్గా ముందున్న మంచి కమిట్ ఏదో తెలిస్తే ఆపే చోటు తెలిసినట్టే. సమయం ఆ సందును వెతకడానికి పనికొచ్చే ఒక ఆధారం, అంతవరకే. కింద చెప్పే అడుగులన్నీ ఆ సందును కచ్చితంగా పట్టుకోవడానికి ఉద్దేశించినవి. ప్రధానంగా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఆధారంగా వివరిస్తాను, ఇతర డేటాబేస్‌లలో తేడా ఉన్నచోట్ల ఆ తేడాను చివరలో చెబుతాను.

ఉదాహరణగా ఒక సంఘటన తీసుకుందాం. ఆర్డర్ల టేబుల్‌లో ఒక్క వరుసను మార్చాల్సిన వ్యక్తి, షరతు రాయడం మరచిపోయి, అన్ని ఆర్డర్లనూ ‘రద్దు’ స్థితికి మార్చేశాడు. ఎప్పుడు జరిగిందని అడిగితే ‘సుమారు రెండున్నరకు’ అని చెప్పాడు.

మొదటి అడుగు: ఉన్నదాన్ని ఉన్నట్టు భద్రపరచడం

అప్లికేషన్ నుంచి రాతలు వెంటనే ఆపించండి. తరువాత, పాడైన డేటాబేస్‌ను తుడిచివేయాలన్న తొందరను అదుపులో పెట్టుకోండి. పాడైన ఆ కాపీయే రేపు మీకు అన్నిటికన్నా విలువైన సాక్ష్యం అవుతుంది. పొరపాటు తరువాత వచ్చిన మంచి డేటా అందులోనే ఉంది, పొరపాటు ఎప్పుడు జరిగిందో చెప్పే ఆధారాలూ అందులోనే ఉన్నాయి.

పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందుగా రైట్ అహెడ్ లాగ్‌లో, అంటే వాడుకలో ‘వాల్’ అని పిలిచే లాగ్‌లో రాస్తుంది. ఈ లాగ్ మామూలుగా 16 మెగాబైట్ల ఫైళ్ళుగా విడిపోయి ఉంటుంది, ఒక ఫైలు నిండిన తరువాతే ఆర్కైవ్‌కు, అంటే లాగ్ ఫైళ్ళను దాచి ఉంచే చోటికి, వెళుతుంది. కాబట్టి పొరపాటు కమిట్ ఉన్న చివరి ఫైలు ఇంకా ఆర్కైవ్‌కు చేరి ఉండకపోవచ్చు. సర్వరు నడుస్తూ ఉంటే ‘పీజీ_స్విచ్_వాల్’ ఫంక్షన్‌ను పిలిచి ఆ ఫైలును మూయించండి, అది ఆర్కైవ్‌లో కనబడేదాకా ఆగండి. సర్వరు పడిపోయి ఉంటే ‘పీజీ_వాల్’ డైరెక్టరీ మొత్తాన్ని వేరే చోటికి కాపీ చేసి పెట్టుకోండి. ఈ పని మరచినవారు తరువాత ఎంత వెతికినా చివరి కొన్ని నిమిషాల చరిత్ర దొరకదు.

రెండవ అడుగు: ఏ రకమైన నష్టమో తేల్చుకోవడం

డిస్క్ పాడైతే ఆపే చోటు అన్న ప్రశ్నే రాదు. లాగ్‌లు ఎంతవరకు దొరికితే అంతవరకూ వెళ్ళాలి, కాబట్టి ఏ లక్ష్యమూ ఇవ్వకుండా చివరిదాకా నడపండి. ఒకే ఒక్క ఆదేశం వల్ల జరిగిన నష్టానికి, అంటే టేబుల్ డ్రాప్ చేయడం, షరతు లేని అప్‌డేట్ లేదా డిలీట్ వంటివాటికి, ఈ మార్గదర్శి నేరుగా పనికొస్తుంది. మూడోది కష్టమైనది: అప్లికేషన్ కొత్త వెర్షన్ గంటల తరబడి కొన్ని వరుసలను తప్పుగా, మిగతావాటిని ఒప్పుగా రాస్తూ పోవడం. అక్కడ ఏ ఒక్క చోట ఆపినా మంచీ చెడూ కలిసే ఉంటాయి. అలాంటప్పుడు తప్పుడు రాత మొదలయ్యే ముందు వరకు ఒక కాపీని నిలబెట్టి, దాన్ని ఇప్పటి డేటాబేస్‌తో పోల్చి, వరుస వరుసగా సరిచేసుకోవడమే మార్గం.

ఇక్కడే ఇంకో నిర్ణయం కూడా తీసుకోవాలి. రికవర్ చేసిన కాపీని అసలు సర్వరు స్థానంలో పెడతారా, లేక పక్కన వేరే యంత్రం మీద నిలబెట్టి అందులోంచి కావలసిన టేబుల్‌ను మాత్రమే తీసుకుంటారా? మొదటి దారిలో, ఆపిన చోటు తరువాత డేటాబేస్‌లో జరిగిన ప్రతి పనీ పోతుంది. రెండో దారిలో ఆ నష్టం లేదు, పొరపాటుకు కాస్త ముందే ఆపినా పెద్దగా పోయేది ఉండదు. పోస్ట్‌గ్రెస్ వాల్ ఆ సర్వరులోని అన్ని డేటాబేస్‌లకూ కలిపి ఒకటే కాబట్టి ఒక్క టేబుల్‌ను మాత్రమే వెనక్కు తిప్పడం కుదరదు. అయినా పక్కన నిలబెట్టిన కాపీ నుంచి ‘పీజీ_డంప్’తో ఒక్క టేబుల్‌ను తెచ్చుకోవడానికి ఏ అడ్డంకీ లేదు. నష్టం ఒకటి రెండు టేబుళ్ళకే పరిమితమైనప్పుడు నేను ఎప్పుడూ రెండో దారినే సూచిస్తాను.

మూడవ అడుగు: ఎప్పుడు జరిగిందో ఆధారాలతో వెతకడం

‘సుమారు రెండున్నరకు’ అన్న మాటను ఎక్కడ వెతకాలో చెప్పే సూచనగా మాత్రమే తీసుకోవాలి. దాన్ని నేరుగా రికవరీ లక్ష్యంగా రాయకూడదు. మనిషి జ్ఞాపకంలో నిలిచేది ఆదేశం టైప్ చేసిన క్షణమో, తప్పు తెలిసిన క్షణమో అయి ఉంటుంది, కమిట్ అయిన క్షణం ఎవరికీ గుర్తుండదు. రికవరీ ఆగేది మాత్రం కమిట్ దగ్గరే.

మన ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఆ వ్యక్తి 14:31:40కి ట్రాన్సాక్షన్ తెరిచాడు. 14:31:52కి అప్‌డేట్ నడిపాడు. ఏదో ఫోన్ వచ్చి మాట్లాడి, 14:34:10కి కమిట్ కొట్టాడు. ఒకే పనికి ఇప్పుడు మూడు సమయాలు ఉన్నాయి, మూడూ మూడు వేర్వేరు చోట్ల కనిపిస్తాయి.

సర్వరు లాగ్‌లో ‘లాగ్_స్టేట్‌మెంట్’ అమరిక ద్వారా నమోదయ్యే సమయం ఆదేశం మొదలైన సమయం, అంటే 14:31:52. టేబుల్‌లో ‘అప్‌డేటెడ్_ఎట్’ అన్న కాలమ్ ఉండి, దాన్ని ‘నౌ’ ఫంక్షన్ నింపుతూ ఉంటే అందులో కనిపించేది 14:31:40. ఎందుకంటే ఆ ఫంక్షన్ ట్రాన్సాక్షన్ మొదలైన సమయాన్నే ఇస్తుంది, ఆదేశం నడిచిన సమయాన్ని ఇవ్వదు. ఈ సంగతి చాలాకాలం పనిచేసినవారికి కూడా అప్పుడప్పుడు గుర్తుండదు. వాల్‌లో నమోదయ్యేది కమిట్ సమయం, 14:34:10. ఎవరైనా కాలమ్‌లోని సమయాన్ని నమ్మి 14:31:39 దగ్గర ఆపితే రెండున్నర నిమిషాల పని అనవసరంగా పోతుంది. షరతు లేని అప్‌డేట్ ఉన్న వరుసలన్నిటికీ తాళం వేస్తుంది కాబట్టి ఆ మధ్యకాలంలో పాత ఆర్డర్లను మార్చబోయినవారు ఎదురుచూస్తూ ఉండి ఉంటారు. కానీ కొత్త ఆర్డర్లు చేరుతూనే ఉంటాయి, మిగతా టేబుళ్ళలో పని సాగుతూనే ఉంటుంది. పోయేవి అవే.

అందుకని సమయం కన్నా ట్రాన్సాక్షన్ నంబరును పట్టుకోవడం మేలు. పాడైన టేబుల్‌లోనే ఆ నంబరు దొరికే వీలుంది. పోస్ట్‌గ్రెస్ ప్రతి వరుసకూ ‘ఎక్స్‌మిన్’ అనే దాగి ఉన్న కాలమ్‌ను ఉంచుతుంది, ఆ వరుస వెర్షన్‌ను రాసిన ట్రాన్సాక్షన్ నంబరు అందులో ఉంటుంది. అప్‌డేట్ అంటే వరుస కొత్త వెర్షన్‌ను రాయడమే కాబట్టి, రద్దైన ఆర్డర్లను ‘ఎక్స్‌మిన్’ ప్రకారం గుంపులుగా లెక్కించి చూస్తే లక్షల వరుసలు ఒకే నంబరు కింద కనిపిస్తాయి. మన ఉదాహరణలో అది 918273 అనుకుందాం. ‘ట్రాక్_కమిట్_టైమ్‌స్టాంప్’ అమరిక ముందే ఆన్ చేసి ఉంటే ‘పీజీ_ఎక్స్‌యాక్ట్_కమిట్_టైమ్‌స్టాంప్’ ఫంక్షన్‌కు ఆ నంబరు ఇచ్చి కమిట్ సమయాన్నీ అడగవచ్చు. ఆ అమరిక మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది.

డిలీట్‌కు గానీ డ్రాప్‌కు గానీ ఈ ఉపాయం పనిచేయదు, ఎందుకంటే చూడడానికి వరుసలే మిగలవు. అప్పుడు వాల్‌లోకే వెళ్ళాలి.

నాలుగవ అడుగు: వాల్‌ను విప్పి చూడడం

‘పీజీ_వాల్‌డంప్’ అనే సాధనం వాల్ ఫైలును మనిషి చదవగలిగే రూపంలో చూపిస్తుంది. అన్ని రికార్డులనూ చూడబోతే వరద వచ్చి పడుతుంది. రిసోర్స్ మేనేజర్ ఎంపిక దగ్గర ‘ట్రాన్సాక్షన్’ అని ఇస్తే కమిట్‌లూ, అబార్ట్‌లూ (అంటే రద్దైన ట్రాన్సాక్షన్లూ) మాత్రమే వస్తాయి, మనకు కావలసిందీ అదే. ఏ ఫైలుతో మొదలుపెట్టాలో తెలియకపోతే ఆర్కైవ్‌లోని ఫైళ్ళ మార్పు సమయాలను చూసి, అనుమానించిన సమయానికి కాస్త ముందుదాన్ని ఎంచుకోండి. ‘000000010000000300000048’ అనే ఫైలును తెరిచినప్పుడు మన సంఘటన చుట్టూ ఇలా కనిపించిందనుకుందాం (అవసరమైన భాగమే ఇస్తున్నాను, స్థానం అంటే వాల్‌లో ఆ రికార్డు ఉన్న చోటు):

ట్రాన్సాక్షన్ 918270, స్థానం 3/48201528, కమిట్ 14:34:09.871302
ట్రాన్సాక్షన్ 918274, స్థానం 3/48201640, కమిట్ 14:34:10.102955
ట్రాన్సాక్షన్ 918273, స్థానం 3/48201760, కమిట్ 14:34:10.218406
ట్రాన్సాక్షన్ 918276, స్థానం 3/48201908, కమిట్ 14:34:10.219117

ఈ నాలుగు వరుసలనూ నిదానంగా చదవండి. 918274 నంబరు 918273 కన్నా పెద్దది, అయినా ముందుగా కమిట్ అయింది. ట్రాన్సాక్షన్ నంబర్లు పని మొదలైన క్రమంలో వస్తాయి, కమిట్‌లు ముగిసిన క్రమంలో వస్తాయి. రికవరీకి రెండో క్రమమే ప్రమాణం. కాబట్టి 918273కు ముందు ఆపితే 918274 మనకు దక్కుతుంది. మనకు కావలసిన సందు 3/48201640 కమిట్‌కూ 3/48201760 కమిట్‌కూ మధ్య ఉంది. అటు 115 మిల్లీసెకన్లు, ఇటు ఒక మిల్లీసెకను కూడా లేదు.

డ్రాప్ అయిన టేబుల్ విషయంలో, కమిట్ రికార్డు పక్కనే ఆ ట్రాన్సాక్షన్ తొలగించిన ఫైళ్ళ జాబితా కూడా కనిపిస్తుంది. పాత బ్యాకప్‌ను పైకి లేపి ఆ టేబుల్ ఫైలు నంబరు ముందే తెలుసుకుని ఉంటే, ఆ నంబరు ఉన్న కమిట్ దగ్గర వేలు పెట్టి చూపించవచ్చు.

ఒక చిక్కును ఇక్కడే చెప్పాలి. ‘ఎక్స్‌మిన్’లో దొరికిన నంబరు ఒక్కోసారి వాల్‌లో కమిట్‌గా కనిపించదు. సేవ్‌పాయింట్ (ట్రాన్సాక్షన్ మధ్యలో పెట్టుకునే ఆనవాలు) లోపల గానీ, తప్పులను పట్టుకునే ఎక్సెప్షన్ భాగం ఉన్న ప్రొసీజర్ లోపల గానీ జరిగిన రాతకు ఉప ట్రాన్సాక్షన్ నంబరు పడుతుంది, కమిట్ రికార్డు మాత్రం పై ట్రాన్సాక్షన్ పేరు మీద ఉంటుంది. ఉప నంబరును లక్ష్యంగా ఇస్తే సర్వరుకు అది ఎప్పటికీ తారసపడదు, రికవరీ లాగ్‌ల చివరిదాకా వెళ్ళిపోతుంది. కమిట్ రికార్డులోనే ఉప ట్రాన్సాక్షన్ల జాబితా ఉంటుంది కాబట్టి అక్కడ వెతికి పై నంబరును తీసుకోవాలి. వాల్‌లో కంటితో చూడని నంబరును లక్ష్యంగా రాయకండి.

ఐదవ అడుగు: లక్ష్యాన్ని ఏ రూపంలో ఇవ్వాలి

పోస్ట్‌గ్రెస్‌లో ఆపే చోటును ఐదు రకాలుగా చెప్పవచ్చు: సమయం, ట్రాన్సాక్షన్ నంబరు, వాల్ స్థానం, ముందుగా పెట్టుకున్న పేరు, బ్యాకప్ పొందికైన స్థితికి రాగానే ఆగమనే ‘ఇమీడియట్’. వీటిలో ఒక్కటే ఇవ్వాలి. వాల్ స్థానం ఇచ్చే వీలు 10వ వెర్షన్ నుంచి ఉంది.

వీటితో పాటు ‘రికవరీ_టార్గెట్_ఇన్‌క్లూజివ్’ అనే అమరిక ఉంది. మామూలుగా అది ఆన్‌లో ఉంటుంది, అంటే లక్ష్యాన్ని కూడా కలుపుకుని ఆగుతుంది. పొరపాటు ట్రాన్సాక్షన్ నంబరునే లక్ష్యంగా ఇచ్చి ఈ అమరికను అలాగే వదిలేస్తే, సర్వరు ఆ పొరపాటును శ్రద్ధగా వర్తింపజేసి ఆ తరువాత ఆగుతుంది. దీన్ని ఆఫ్ చేయాలి. మన ఉదాహరణకు సరైన జంట ఇది: ‘రికవరీ_టార్గెట్_ఎక్స్ఐడీ’కి 918273, ‘రికవరీ_టార్గెట్_ఇన్‌క్లూజివ్’కు ఆఫ్. వాల్ స్థానం ఇవ్వదలిస్తే 3/48201760 ఇచ్చి, అప్పుడు కూడా ఆఫ్ చేయాలి, ఫలితం అదే.

సమయాన్ని ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే రెండు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. సర్వరు మీరిచ్చిన సమయాన్ని దాటిన మొదటి కమిట్ దగ్గర, దానికి ముందు ఆగుతుంది. 14:34:10 అని మాత్రమే రాస్తే అది 14:34:10.000000 అని అర్థం, అప్పుడు 918274 కూడా పోతుంది, పొరపాటూ పోతుంది. 14:34:11 అని రాస్తే పొరపాటు వచ్చి చేరుతుంది. కాబట్టి సెకన్లను కుదించాల్సి వస్తే ఎప్పుడూ కిందికే కుదించండి. మైక్రోసెకన్ల వరకు రాసే వీలున్నప్పుడు కుదించాల్సిన అవసరమే లేదు: 14:34:10.218000 అని రాస్తే మన సందులో సరిగ్గా పడుతుంది.

టైమ్ జోన్ ఎప్పుడూ అంకెల్లో రాయండి. సర్వరు యూటీసీలో నడుస్తూ, అప్లికేషన్ లాగ్ స్థానిక సమయంలో ఉండి, ఫిర్యాదు చేసినవారి గడియారం ఇంకో జోన్‌లో ఉండడం మామూలే. జోన్ చెప్పని సమయాన్ని సర్వరు తన అమరికలోని జోన్‌గా అర్థం చేసుకుంటుంది. జోన్‌ల సంక్షిప్త నామాలను ఈ అమరిక మామూలుగా ఒప్పుకోదు, యూటీసీ నుంచి ఉన్న తేడాను ‘+00’ రూపంలో గానీ జోన్ పూర్తి పేరును గానీ ఇవ్వాలి. ఒకసారి నేను జోన్ రాయకుండా ఇచ్చిన సమయం వల్ల రికవరీ కొన్ని గంటలు దాటి వెళ్ళిపోయింది, పెద్ద బేస్ బ్యాకప్‌ను, అంటే లాగ్‌లను వర్తింపజేయడానికి ఆధారమైన పూర్తి కాపీని, మొదటినుంచీ మళ్ళీ దించుకోవాల్సి వచ్చింది. ఆ రాత్రి తరువాత జోన్ లేని సమయాన్ని ఏ కాగితం మీదా రాయలేదు.

వాల్‌లోని కమిట్ సమయాలు ఆ యంత్రం గడియారం చెప్పినవే. గడియారం మధ్యలో ముందుకు జరిగి మళ్ళీ వెనక్కు సరిచేయబడి ఉంటే, ముందుకు జరిగిన కాలంలోని కమిట్ దగ్గరే రికవరీ ఆగిపోవచ్చు. నంబరుకూ వాల్ స్థానానికీ ఈ బెడద లేదు.

ఆరవ అడుగు: బేస్ బ్యాకప్, టైమ్‌లైన్

ఆపే చోటు ఖాయమైన తరువాతే ఏ బేస్ బ్యాకప్ వాడాలో నిర్ణయించండి. బ్యాకప్ ముగిసిన సమయం ఆపే చోటుకు ముందు ఉండాలి. మొదలైన సమయం ముందుంటే సరిపోదు. బ్యాకప్ తీస్తుండగా జరిగిన ఒక క్షణానికి ఆ బ్యాకప్‌తో చేరుకోవడం అసాధ్యం, ఇంకా పాతది తీసుకోవాల్సిందే. అర్హమైన వాటిలో అన్నిటికన్నా కొత్తదాన్ని ఎంచుకుంటే వర్తింపజేయాల్సిన లాగ్ తగ్గుతుంది.

12వ వెర్షన్ నుంచి రికవరీ అమరికలు మామూలు కాన్ఫిగరేషన్ ఫైలులోనే ఉంటాయి, ‘రికవరీ.సిగ్నల్’ అనే ఖాళీ ఫైలును డేటా డైరెక్టరీలో పెడితే సర్వరు రికవరీలో మొదలవుతుంది. ఆర్కైవ్ నుంచి ఫైళ్ళను తెచ్చే ‘రీస్టోర్_కమాండ్’ను అమర్చండి. ‘రికవరీ_టార్గెట్_యాక్షన్’ను ‘పాజ్’గానే ఉంచండి. ఆగగానే సర్వరును రాతలకు తెరిచే ‘ప్రమోట్’ అని రాయడం వల్ల మిగిలేది ఒక్క ఆదేశం మాత్రమే, పోయేది తనిఖీ చేసుకునే అవకాశం.

పక్కన నిలబెట్టే కాపీలో ‘ఆర్కైవ్_మోడ్’ను తప్పకుండా ఆఫ్ చేయండి. రికవరీ ముగించుకున్న ప్రతి సర్వరూ కొత్త టైమ్‌లైన్‌ను, అంటే చరిత్రలో ఒక కొత్త శాఖను, మొదలుపెడుతుంది: 1 నుంచి బయలుదేరినది 2గా మారి, ‘00000002.హిస్టరీ’ అనే ఫైలును రాస్తుంది. ఆ ఫైలు అసలు ఆర్కైవ్‌లోకి చేరితే, మీరు రెండోసారి ప్రయత్నించినప్పుడు సర్వరు అన్నిటికన్నా కొత్త టైమ్‌లైన్‌ను అనుసరించబోతుంది. 12వ వెర్షన్ నుంచి అదే మామూలు ప్రవర్తన. అంటే అసలు చరిత్రను వదిలి మీ మొదటి ప్రయత్నం చరిత్రలోకి మళ్ళుతుంది. అప్పుడు మొదటి ప్రయత్నం ఆగిన చోటు తరువాతి అసలు ట్రాన్సాక్షన్లు ఎంత వెతికినా కనిపించవు. ఒకసారి ప్రయత్నం జరిగిందని తెలిస్తే ‘రికవరీ_టార్గెట్_టైమ్‌లైన్’ను 1 అని స్పష్టంగా రాయండి.

ఏడవ అడుగు: ఆగిన చోట నిలబడి చూడడం

సర్వరును లేపండి. లక్ష్యం దొరికితే, ఫలానా ట్రాన్సాక్షన్ కమిట్‌కు ముందు ఆగుతున్నానని, దాని సమయం ఇదని లాగ్‌లో రాసి సర్వరు నిలిచిపోతుంది. అది 918273యేనా, ‘ముందు’ అనే ఉందా, ‘తరువాత’ అని ఉందా అన్నది అక్షరం అక్షరం చదవండి. 13వ వెర్షన్ నుంచి, లక్ష్యం తారసపడకుండానే లాగ్‌లు అయిపోతే సర్వరు తప్పును ప్రకటించి ఆగిపోతుంది. అంతకు ముందు వెర్షన్లు మాట్లాడకుండా తెరుచుకునేవి, కాబట్టి పాత వెర్షన్ వాడేవారు ఈ లాగ్ వరుసను ఇంకా జాగ్రత్తగా చూడాలి.

ఆగిన సర్వరుకు చదవడానికి మాత్రమే కనెక్ట్ కావచ్చు, దానికి ‘హాట్_స్టాండ్‌బై’ ఆన్‌లో ఉండాలి. చూడాల్సినవి రెండు. రద్దైన ఆర్డర్ల సంఖ్య మామూలుగా ఉందా? పొరపాటుకు సరిగ్గా ముందు జరిగినట్టు మీకు తెలిసిన ఒక మంచి పని, మన ఉదాహరణలో 918274 చేర్చిన ఆర్డరు, కనిపిస్తోందా? మొదటిది చూసి సంతోషపడి రెండోది చూడకుండా ముందుకు వెళ్ళేవారిని చాలామందిని చూశాను. పొరపాటు లేదన్నంత మాత్రాన ఆపిన చోటు సరైనదని కాదు, గంట ముందు ఆపినా పొరపాటు ఉండదు.

రెండో పరీక్షలో తప్పితే, అంటే మరీ ముందు ఆగి ఉంటే, సర్వరును ఆపి, లక్ష్యాన్ని కాస్త తరువాతి చోటుకు జరిపి, మళ్ళీ లేపండి. ఉన్నచోటి నుంచే అది ముందుకు సాగుతుంది. మొదటి పరీక్షలో తప్పితే మాత్రం వెనక్కు నడిచే దారి లేదు, బేస్ బ్యాకప్‌ను మొదటినుంచీ తిరిగి దించాల్సిందే. ముందుకు జరపడానికి నిమిషాలు చాలు, వెనక్కు రావడానికి గంటలు పడుతుంది. అందుకే సందేహం ఉన్నప్పుడు మొదటి లక్ష్యాన్ని ధైర్యంగా ముందే పెట్టుకోండి, పొరపాటుకు పది నిమిషాల ముందైనా సరే, అక్కడి నుంచి చూసుకుంటూ అంగలు వేయండి. ప్రతి ఆగే చోటా ‘పీజీ_లాస్ట్_ఎక్స్‌యాక్ట్_రీప్లే_టైమ్‌స్టాంప్’ను అడిగి ఎక్కడున్నారో రాసుకుంటూ ఉండండి.

రెండు పరీక్షలూ నెగ్గిన తరువాత ‘పీజీ_వాల్_రీప్లే_రెజ్యూమ్’ను పిలవండి. లక్ష్యం దగ్గర ఆగి ఉన్నప్పుడు ఈ ఫంక్షన్ రికవరీని ముగించి సర్వరును రాతలకు తెరుస్తుంది. పేరులో ‘రెజ్యూమ్’ అని ఉంది కదా, మిగతా లాగ్‌లు కూడా వర్తింపజేస్తుందేమో అని కొందరు భయపడతారు, అలా జరగదు. ఇంకా ముందుకు వెళ్ళాలనుకునేవారు మాత్రం దీన్ని పిలవకూడదు.

ఇతర డేటాబేస్‌లలో

మైఎస్‌క్యూఎల్‌లో ఈ పనికి వాల్‌కు బదులు బైనరీ లాగ్ ఉంటుంది. ఫుల్ బ్యాకప్‌ను దించి, ‘మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్’ సాధనంతో బైనరీ లాగ్‌ను చదివించి ఆ ఫలితాన్ని సర్వరుకు అందిస్తారు. ఆపే చోటును సమయంగా గానీ లాగ్‌లోని స్థానంగా గానీ చెప్పవచ్చు. ఈవెంట్ సమయాలు సెకన్లలోనే ఉంటాయి, ఒకే సెకనులో పదుల ట్రాన్సాక్షన్లు ఉంటే సమయం వాటిని విడదీయలేదు, కాబట్టి సమయాన్ని వెతకడానికే వాడి లక్ష్యాన్ని స్థానంగా ఇవ్వండి. ఆ స్థానం పొరపాటు ట్రాన్సాక్షన్ మొదలయ్యే చోటు కావాలి, దాని మధ్యలోని అప్‌డేట్ ఈవెంట్ స్థానం కాకూడదు.

అక్కడ ఇంకో సౌకర్యం ఉంది. పొరపాటు ట్రాన్సాక్షన్‌కు ముందు వరకు ఒకసారి, దాని కమిట్ తరువాతి స్థానం నుంచి చివరిదాకా ఇంకోసారి నడిపి, పొరపాటును ఒక్కదాన్నే దాటేయవచ్చు. వినడానికి ఎంతో హాయిగా ఉన్నా, తరువాతి ట్రాన్సాక్షన్లు పొరపాటు విలువలను చదివి వాటి మీద నిర్ణయాలు తీసుకుని ఉంటాయని మరవకండి: ఆర్డరు రద్దైందని చూసి డబ్బు వెనక్కు పంపిన ట్రాన్సాక్షన్ అలాగే మిగిలిపోతుంది. పోస్ట్‌గ్రెస్ వాల్ పేజీల స్థాయిలో మార్పులను నమోదు చేస్తుంది కాబట్టి అందులో మధ్యలో దాటేయడం ఉండదు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ముందుగా టెయిల్ లాగ్ బ్యాకప్, అంటే ఇంకా బ్యాకప్ కాని చివరి లాగ్ భాగపు కాపీ, తీయాలి, ఆపే చోటును ‘స్టాప్ఎట్’ సమయంతోనో, గుర్తు పెట్టిన ట్రాన్సాక్షన్‌కు ముందు ఆపే ‘స్టాప్‌బిఫోర్‌మార్క్’తోనో చెప్పవచ్చు. ‘స్టాండ్‌బై’ రూపంలో దించితే మధ్యమధ్యలో చదివి చూసుకుంటూ ముందుకు సాగవచ్చు. ఒరాకిల్‌లో ‘అంటిల్ ఎస్‌సీఎన్’ ఇస్తే (ఎస్‌సీఎన్ అంటే మార్పుల క్రమాన్ని చెప్పే నంబరు) ఆ నంబరు వరకు వెళుతుంది గానీ దాన్ని కలుపుకోదు, చివర ‘రీసెట్‌లాగ్స్’తో తెరవాలి.

తెరిచిన తరువాత, తదుపరిసారికి ముందు

అసలు సర్వరు స్థానంలోనే వెనక్కు తిప్పి ఉంటే సీక్వెన్సులను, అంటే కొత్త వరుసలకు వరుసగా నంబర్లు ఇచ్చేవాటిని, పరిశీలించండి. అవి కూడా ఆపిన చోటి విలువలకే వెళ్ళిపోయి ఉంటాయి. పొరపాటు తరువాత చేరిన ఆర్డర్ల నంబర్లు అప్పటికే రసీదుల మీదా ఇతర వ్యవస్థలలోనూ వెళ్ళి ఉంటాయి కనుక, ఆ నంబర్లనే కొత్త ఆర్డర్లకు ఇస్తే రెండో అనర్థం మొదలవుతుంది. భద్రపరచిన పాడైన కాపీలో గరిష్ఠ నంబరు చూసి, సీక్వెన్సును దానికి పైకి జరిపిన తరువాతే అప్లికేషన్‌ను కలపండి. ఆ కాపీ నుంచే, ఆపిన చోటు తరువాత కమిట్ అయిన మంచి వరుసలను, అంటే 918276 మొదలుకుని వచ్చినవాటిని, వెలికి తీసి తిరిగి చేర్చండి. వెంటనే కొత్త బేస్ బ్యాకప్ తీయండి.

ఈసారి పడిన శ్రమలో సగం ముందుచూపుతో తప్పేది. సర్వరు లాగ్‌లోని ప్రతి వరుస ముందూ ట్రాన్సాక్షన్ నంబరు వచ్చేలా ‘లాగ్_లైన్_ప్రిఫిక్స్’ను మార్చండి, కనీసం నిర్మాణాన్ని మార్చే ఆదేశాలైనా లాగ్ అయ్యేలా చూడండి. పెద్ద మార్పు చేయబోయే ప్రతిసారీ ‘పీజీ_క్రియేట్_రీస్టోర్_పాయింట్’తో ఒక పేరు పెట్టండి. ఆ పేరులో తేదీనీ మార్పు నంబరునూ చేర్చండి. అప్పుడు ‘రికవరీ_టార్గెట్_నేమ్’కు ఆ పేరు ఇస్తే చాలు, ఎక్కడ ఆపాలన్న ప్రశ్నకు జవాబు పొరపాటు జరగకముందే వాల్‌లో రాసి ఉంటుంది.